నునుపు చేసిన నాళం

ముందుగది, వీధి కిటికీ పక్కన

చిరంజీవి మనవరాలికి,

నువ్వు పంపిన బొమ్మ చేరింది. చుట్టిన కాగితం విప్పేసరికి ఒక నీలం గొట్టం, పైకి వెళ్ళి రెండుగా చీలి, ఎవరో తీరిగ్గా కూర్చుని రంగులద్దినట్టుంది. కింద నీ చేతిరాతతో "మా అమ్మమ్మ మెడ" అని. ఇన్నేళ్ళుగా ఈ మెడ మీద తల మోస్తున్నాను కానీ లోపల ఇంత అందంగా ఉందని నాకు తెలీదు. తెలిసుంటే పైన వేసుకునే గొలుసుల కోసం మీ తాతయ్యతో అంత పోట్లాడేదాన్ని కాదు.

ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించాను, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీకి సరిగ్గా ఎదురుగా. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన "ఇదేంటండీ, పైపులైనా?" అన్నాడు. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. మనిషి మెడని స్కాన్ తీసి, అందులోని రక్తనాళం ఆకారాన్ని మా మనవరాలు కంప్యూటర్లో కడుతుందనీ, దాన్ని లక్షల చిన్న ముక్కలు చేసి ఒక్కో ముక్కలో రక్తం ఎంత వేగంగా పోతోందో లెక్క కడుతుందనీ, ఎక్కడైనా ఇరుకుంటే రక్తం ఉరికి అక్కడ ఎర్రగా చూపిస్తుందనీ, నాలో వెతికినా ఎరుపు లేదనీ. పాపం, ఆయన మీటరు చూడకుండానే వెళ్ళిపోయాడు.

మీ చిన్నమ్మమ్మకీ చూపించాను. వెనకగదిలోంచి ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చింది. "చూడవే చిన్నదానా, ఇద్దరం ఒక్క కడుపునే పుట్టాం. నాది ఇదీ. నువ్వు నోరు కట్టుకోలేదు, ఒళ్ళు కదపలేదు. పక్షవాతం ఊరికే రాలేదు" అన్నాను. అక్కని కదా, నిజం చెప్పాల్సిన బాధ్యత నాది. టీ గ్లాసు పట్టుకుని మళ్ళీ వెనకగదిలోకి పోయింది. కుళ్ళు.

ఒక్క సందేహం. బడిలో అన్నేళ్ళు భూగోళం చెప్పినదాన్ని. నీళ్ళు పాయలుగా చీలే చోట ఒక పక్కన నెమ్మదిస్తాయి, నెమ్మదించిన చోట ఒండ్రు పడుతుంది. నా మెడలోనూ చీలిక ఉంది కదా. ఈ వయసుకి అక్కడ ఎంతోకొంత ఒండ్రు పడాలి. మరీ గాజుగొట్టంలా ఉందేమిటి? నా గొప్పతనానికి కారణం ఏమిటో నాలుగు ముక్కలు రాస్తే ఇక్కడ అందరికీ చెప్పుకుంటాను.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో నాకు సగం వినబడదు, మిగతా సగం నువ్వు చెప్పవు.

మీ అమ్మమ్మ


ప్రయోగశాల, నా బల్ల దగ్గర

అమ్మమ్మకి,

నీ ఉత్తరాన్ని మా ప్రయోగశాల నడిపే మేడమ్‌కి చదివి వినిపించాను. మీటరాయన దగ్గర కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. మా గదిలో ఇప్పుడు నువ్వొక పెద్ద మనిషివి. "వయసు పైబడినా ఆరోగ్యంగా ఉన్న నాళం" అంటే అందరూ నీ బొమ్మే చూపిస్తున్నారు. త్వరలో పరిశోధకుల పెద్ద సభ ఉంది, నేను మాట్లాడాలి. మొదటి బొమ్మ నీదే. మేడమ్ నన్ను ముందుకు తోయడం ఇదే మొదటిసారి.

ఒండ్రు సంగతి నువ్వు చెప్పినట్టే. చీలిక దగ్గర ఒక గోడ పక్కన రక్తం సుడి తిరిగి నెమ్మదిస్తుంది. కొవ్వు పేరుకునేది ఎక్కువగా అక్కడే. కానీ అందరికీ ఒకేలా పేరుకోదు. నువ్వు ప్రత్యేకం అనుకో.

నవ్వు రావాలంటే ఒకటి చెప్తాను. నీ స్కాన్‌లో సరిగ్గా ఆ చోటే గోడ గడ్డలా ఉబ్బి కనబడింది. మనిషి కదిలినా, మింగినా, మాట్లాడినా స్కాన్ చెదిరి అలాంటివి వస్తాయి. మిషన్లో పడుకున్నది ఎవరు? నువ్వు! అక్కడున్న టెక్నీషియన్‌కి నదుల పాఠం మొదలుపెట్టే ఉంటావని నవ్వుకుని, అక్కడ గోడని నునుపు చేసేశాను. చెదిరిన చోట్ల అలా సరిచేయడం మా రోజువారీ పనే.

చిన్నమ్మమ్మని అలా అనకు. ఆవిడకి ఇప్పటికే చాలా కష్టంగా ఉంది.

నీ మనవరాలు


ముందుగది, పేపరు చదివే కుర్చీలోంచి

మనవరాలికి,

నన్ను నువ్వు అంత చులకనగా చూస్తావనుకోలేదు.

ఆ మిషన్లో నేను నోరు విప్పలేదు. ఆ టెక్నీషియన్ "మాట్లాడొద్దు, మింగొద్దు" అన్నాడు. మాట్లాడలేదు, మింగలేదు. ముక్కు మీద దురద పుట్టింది, ఓర్చుకున్నాను. పైన ఆ చప్పుడేమిటో అడగాలని ప్రాణం కొట్టుకుంది, అడగలేదు. కావాలంటే ఆయన్నే కనుక్కో. బయటికి లాగాక "ఇంత కదలకుండా ఎవరూ పడుకోరమ్మా" అన్నాడు. "బాబూ, నేను బతికే ఉన్నానా చూడు" అన్నాను. నా జన్మలో అంతసేపు నోరు కట్టుకున్నది అదొక్కసారే. అదీ నీ చదువు కోసం. నువ్వేమో దాన్ని కూడా వాగుడు కింద జమ కట్టావు.

సరే, పోనీ. ఇంకొక సంగతి. మీ చిన్నమ్మమ్మకి ఈ మధ్య ఎడమకంటికి ఏదో అవుతోంది. పేపరు చదువుతూ ఉంటే పైనుంచి నల్లటి తెర దించినట్టు ఆ కంటికి చూపు పోతుంది. నొప్పి లేదు, మంట లేదు. కాసేపటికి తెర ఎత్తేసినట్టు మళ్ళీ మామూలే. ఇప్పటికి రెండు మూడుసార్లయింది. నీకు రాయొద్దంది. దాని మొండితనం నీకు తెలుసుగా. కళ్ళజోడు మారిస్తే సరిపోతుందా?

నీ బొమ్మ చూడ్డానికి పక్కవీధి లైబ్రేరియన్ కూడా వచ్చి వెళ్ళింది. కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసింది.

మీ అమ్మమ్మ


ప్రయోగశాల

అమ్మమ్మా,

చిన్నమ్మమ్మని ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళు. రేపు కాదు. కళ్ళజోడుకీ దీనికీ సంబంధం లేదు. మెడలో పేరుకున్న కొవ్వు మీంచి చిన్న పెచ్చులు ఊడి కంటి నాళంలోకి పోయినప్పుడు అలా తెర పడుతుంది. కంటికి పోయినవి కరిగిపోతున్నాయి కాబట్టి చూపు తిరిగొస్తోంది. ఆ తరవాతది మెదడుకి పోవచ్చు. ఆవిడకి ఇదివరకే ఒకసారి పక్షవాతం వచ్చింది కదా. మొండికేస్తే ఎత్తుకునైనా తీసుకెళ్ళు.

నీ స్కాన్‌ని ఊరికే ఇంకోసారి చూస్తున్నాను. సభ పనుల్లో కాస్త ఒత్తిడిగా ఉంది. అందుకే ఎక్కువ రాయలేకపోతున్నాను.

నువ్వెలా ఉన్నావు? నిజంగా అడుగుతున్నాను.

నీ మనవరాలు


ముందుగది

మనవరాలికి,

నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. గోడ మీద రుజువు ఉందిగా.

చిన్నదాన్ని ఆసుపత్రికి రమ్మంటే వినడం లేదు. నాలుగు రోజులుగా తెర పడలేదు, తగ్గిపోయినట్టే ఉంది. నిన్న టీ గ్లాసు కుడిచేతిలోంచి జారి ముక్కలైంది. అదే, దాని చేతిలోంచి. చెయ్యి తిమ్మిరెక్కిందట, కాసేపటికి సర్దుకుంది. దానికి నువ్వు బెంబేలెత్తకు.

ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. మెడలో నాళం శుభ్రంగా, గాజులా ఉందని కంప్యూటరే తేల్చిన మనిషికి కూడా ఇలాంటి తెర పడుతుందా? పడదు కదా? ఒకవేళ పడితే అది కళ్ళజోడు దోషమే అయ్యుండాలి కదా? నువ్వు చదువుకున్నదానివి, అవునో కాదో ఒక్క మాట రాస్తే చాలు.

నా పాత బడివాళ్ళు ఆ బొమ్మ ఇంకొకటి కావాలన్నారు. పిల్లలకి చూపిస్తారట. పంపించు.

మీ అమ్మమ్మ


ప్రయోగశాల మెట్ల మీద

అమ్మమ్మా,

ఈ ఉత్తరం చేరేసరికి నువ్వు ఆసుపత్రిలో ఉంటావు. నీ ఉత్తరం చదవగానే చిన్నమ్మమ్మకి ఫోన్ చేశాను.

"చిన్నమ్మమ్మా, కన్ను ఎలా ఉంది?" అన్నాను.

"నా కంటికేమైందే? వీధి చివర ఎవరు ఎవరిని తిడుతున్నారో ఇక్కణ్ణుంచే చెప్తాను."

"మరి నల్ల తెర?"

"ఏం తెర?" అంది. వెంటనే గొంతు తగ్గించింది. "అక్క పేపరు చదువుతూ చదువుతూ ఆపేసి ఎడమకన్ను మూసి చూసుకుంటోంది. ఏమిటే అంటే దుమ్ము అంది."

"టీ గ్లాసు ఎవరి చేతిలోంచి పడింది?"

"అక్క చేతిలోంచే. పిల్లి తోసిందని చెప్పింది. మనింట్లో పిల్లెక్కడిదే?"

నిన్ను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను. ఆవిడ ఇక ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "టాక్సీ పిలుస్తున్నాను, పెట్టెయ్" అంది. ఈపాటికి నిన్ను కారెక్కించి ఉంటుంది.

ఇప్పుడు నా సంగతి. ఎంత దాచుకుందామన్నా ఇక దాగదు.

నీ మెడలో గడ్డ ఉంది. ఎడమవైపు, చీలిక దగ్గర, నువ్వు ఒండ్రు పడాలన్న చోటే. మొదట్నించీ స్కాన్‌లో ఉన్నదే. నువ్వు మాట్లాడి ఉంటావని నేనే చెరిపేశాను. గడ్డ పోయి నాళం గాజులా తయారైంది, ఎరుపు లేకుండా పోయింది. నువ్వు నోరు విప్పలేదని రాసిన ఉత్తరం అందిన వెంటనే పాత స్కాన్ తీసి, నునుపు చేయకుండా మళ్ళీ లెక్క కట్టించాను. దారి మూడొంతులు పూడుకుపోయింది. మిగిలిన సందులోంచి రక్తం ఎర్రగా ఉరుకుతోంది, దాని వెనక సుడులు.

అది చూశాక కూడా నీకు "ఊరికే ఇంకోసారి చూస్తున్నాను" అని రాశాను. సభ అయిపోనీ అనుకున్నాను. నీకెలాగూ ఏ బాధా లేదు కదా, తెర పడుతున్నది చిన్నమ్మమ్మకి కదా అనుకున్నాను. మేడమ్ రోజూ నా బల్ల దగ్గరికొచ్చి "మీ అమ్మమ్మని ముందు పెట్టు" అనేవారు. నేను తలూపేదాన్ని. నీ బొమ్మ వల్లే నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళలేదని ఇప్పుడు తెలుస్తోంది. నీకు ఏమైనా అయ్యుంటే అని అనుకోవడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదు.

నీ ప్రశ్నకి జవాబు: కళ్ళజోడు కాదు.

నీ మనవరాలు


ఆసుపత్రి, గోడ వైపు మంచం

చిరంజీవి సౌభాగ్యవతి మనవరాలికి ఆశీస్సులు,

ఉత్తరం అందింది. నర్సమ్మ చేత ఇది రాయిస్తున్నాను. కుడిచేతికి సూది పెట్టారు. ఆపరేషన్ జరిగింది, గడ్డ తీసేశారు. పక్షవాతం రాకముందే వచ్చామని, ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని సర్జన్ గారు అన్నారు. అంతా బాగానే ఉంది. నువ్వు రావాల్సిన అవసరం లేదు, నీ పనులు చూసుకో. వేళకి భోంచెయ్యి.

శుభం.

అమ్మమ్మ


ప్రయోగశాల

అమ్మమ్మా,

ఆ ఉత్తరం నువ్వే చెప్పావా, నర్సమ్మ సొంతంగా రాసిందా? అందులో నన్ను ఒక్క మాట అనలేదు. "చిరంజీవి సౌభాగ్యవతి" అట. పెట్టె సర్దుకుని బస్టాండు దాకా వెళ్ళి, నీ ఎదురుగా నిలబడే ధైర్యం లేక తిరిగొచ్చేశాను. ఇంతకన్నా సిగ్గుమాలిన పని నేను చేసింది లేదు, మొదటిది తప్ప.

సభలో మాట్లాడాను. మొదటి బొమ్మ నీదే పెట్టాను. పక్కన రెండోది, గడ్డతో ఉన్నది. "ఈ మనిషి ఎక్కువ మాట్లాడుతుందని నాకు తెలుసు కాబట్టి, స్కాన్ చెప్పింది నమ్మలేదు" అన్నాను. కొందరు నవ్వారు, తరవాత ఎవరూ నవ్వలేదు. మేడమ్ ఆ తరవాత నాతో చాలా మర్యాదగా ఉంటున్నారు, నీలాగే. నేను నునుపు చేసిన మిగతా మెడలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటీ మళ్ళీ చూస్తున్నాం. ఒకాయన, బస్సు కండక్టరు, ఆయన్ని పిలిపించి మళ్ళీ స్కాన్ తీయించాం. ఆయనకేమీ లేదు. "ఏం లేకపోతే ఎందుకమ్మా ఏడుస్తున్నావు?" అని నన్నే అడిగాడు.

మర్యాద నాకు వద్దు అమ్మమ్మా. తిట్టు.

నీ మనవరాలు


ముందుగది

ఒసేయ్ బడుద్ధాయ్,

నిన్నే ఇంటికొచ్చాను. చెయ్యి నాదే, రాత నాదే. మెడకి కుట్లు. అద్దంలో చూసుకుంటే దిండుగలేబుకి అడ్డంగా టాకాలు వేసినట్టుంది.

అడిగావు కాబట్టి తీసుకో. గడ్డని నునుపు చేసినందుకు నిన్ను ఏమీ అనను. నా నోటి సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా అదే లెక్క వేస్తారు. అది నా సంపాదనే. కానీ తెలిశాక నీ పరువు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు చూడు, ఆ రోజులకి మాత్రం నిన్ను వదలను. తెలివి లేనివాళ్ళు చేస్తే పోనీలే అనుకుంటాం. ఇంత తెలివి పెట్టుకుని అంత పిరికితనమా? మెట్ల మీద కూర్చుని ఏడుస్తూ ఉత్తరం రాసేదానివి, మొదటిరోజే రాయడానికి ఏం రోగం? పైగా బస్టాండు దాకా వచ్చి వెనక్కి పోయావా? టిక్కెట్టు కొనడానికి కూడా నీకు సిగ్గేనా? నెత్తిన మొట్టికాయ వేద్దామంటే అందుబాటులో కూడా లేవు. సర్జన్ గారు కుడిచెయ్యి బాగా పనిచేస్తుందన్నారు. వచ్చి పరీక్షించుకో.

ఈ బుద్ధి నీకు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కోనక్కర్లేదు. నా కన్ను నాది కాదని నేను రాయలేదూ? ఆ బొమ్మ ముందు ఊళ్ళోవాళ్ళందరినీ కూర్చోబెట్టాను. ఆ తరవాత నాకే తెర పడుతోందని ఏ మొహంతో చెప్పను? చచ్చినా పరవాలేదు కానీ చిన్నదాని ముందు పలచన కాకూడదనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను, రాయడానికి సిగ్గేస్తున్నా కూడా.

ఆపరేషన్ సంగతి చెప్పాలి. మెడ వరకే మొద్దుబార్చారు. నాళం బిగించినప్పుడు మెదడుకి రక్తం అందుతోందో లేదో తెలియాలంటే నేను మాట్లాడుతూనే ఉండాలట. "ఏదైనా మాట్లాడండమ్మా, ఆపకండి" అన్నారు సర్జన్ గారు. చూడు నా ఖర్మ, ఒక్క మాట దొరకలేదు. ఆయన కంగారుపడి "అమ్మా! అమ్మా!" అంటున్నారు. ఇక నోటికొచ్చింది చెప్పేశాను. కాలు ఈడ్చే చెల్లెలికి ఎదురుగా నా మెడని తగిలించి దెప్పానని, నా కన్ను దాని కన్నని రాశానని, ఇక్కడికి నన్ను ఆ ఈడ్చే కాలితోనే తీసుకొచ్చిందని. "ఊ, తరవాత?" అన్నారు ఆయన, చెయ్యి ఆపకుండా. "తరవాతేముంది నాయనా, మీ ముందు పడుకున్నాను" అన్నాను.

అక్కడున్న నర్సు బయటికెళ్ళి, మీ అక్క భలే మాట్లాడుతుందండీ అంటూ అదంతా చిన్నదానికి చెప్పేసిందట.

చిన్నది నన్ను ఒక్క మాట అనలేదు. ఆసుపత్రిలో అనలేదు, టాక్సీలో అనలేదు. మందులు చేతిలో పెట్టింది, దిండు సర్దింది. ఇంటికి రాగానే ఆ బొమ్మ తీసెయ్యవే అన్నాను. "ఉండనీ అక్కా, రంగులు బాగున్నాయి" అంది. అంతే. బొమ్మ ఎదురుగా ఉన్న ఆ కుర్చీలో నేను కూర్చోలేకపోయాను. దాన్ని నేనన్న మాటలన్నీ నాకు ఒక్కొక్కటే వినబడ్డాయి. ఈ చెవులకి అంత బాగా ఎప్పుడూ వినబడలేదు. తిట్టవే అని అడగడానికి నీకున్నపాటి ధైర్యం కూడా నాకు లేకపోయింది.

ఇవాళ పొద్దున పేపరు తెరిచాను. వెనకగదిలోంచి కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. చేతిలో సూది, దారం, చిరిగిన దిండుగలేబు. నా ఎదురుగా పీట లాక్కుని కూర్చుని, సూది నా ముక్కు దగ్గర పెట్టింది.

"ఇది కాస్త ఎక్కించి పెట్టక్కా. నాకు ఎడమకన్ను సరిగ్గా ఆనడం లేదట. నువ్వే ఊరంతా ఉత్తరాలు రాశావుగా."

ఒక నిమిషం దాని మొహం వంక చూశాను. నవ్వడం లేదు.

పేపరు పక్కన పడేసి సూది తీసుకున్నాను. దారం చివర తడిచేసి పెట్టాను, పక్కకి పోయింది. మళ్ళీ పెట్టాను, చీలింది. "కొరికి పెట్టు" అంది. కొరికాను. "వెలుతురుకేసి తిరుగు" అంది. తిరిగాను. అది ఎక్కేదాకా నా చెల్లెలు అక్కణ్ణుంచి కదల్లేదు.

మీ అమ్మమ్మ